నాలుగో స్క్రూ

ఆయన చెవులు పెద్దవి.
నలభై ఏళ్ళు సుద్దముక్కలూ, తడిగుడ్డా, అస్థిపంజరమూ
ఆయన ముందు పెట్టినవాణ్ణి, నాకు తెలియదా.
ప్రొఫెసర్ వెండెలిన్ ప్లాట్నర్, గ్రాట్స్ నగరం,
ఊపిరితిత్తుల వైద్యం.

పుట్టింది ఐజెన్‌ఎర్ట్స్‌లో,
మెట్లు మెట్లుగా తవ్వేసిన ఇనుపకొండ కింద.
తండ్రి గనిలో. రాత్రి ఆయన దగ్గే తీరుని బట్టి
రేపు పనికి పోతాడో లేదో
ఏడేళ్ళ పిల్లాడు అమ్మకి ముందే చెప్పేసేవాడట.
ఆమె ఆ మాట మీద రొట్టె కోసి మూట కట్టేది,
లేదా కట్టేది కాదు.
ఈ కథ క్లాసులో ఏటా చెప్పేవాడు, అక్టోబరు మొదటివారంలో.
ఏటా నవ్వేవాళ్ళు. నేనూ.

చదువు నేర్పింది డాక్టర్ జిగ్మార్ లుస్ట్‌గార్టెన్.
పొట్టి మనిషి. జానెడు చెక్కగొట్టం ఒకటి,
రోగి ఛాతీకి ఒక కొస, తన చెవికి ఒక కొస.
రబ్బరువి వచ్చి ఎన్నేళ్ళయినా దాన్ని వదల్లేదు.
"రెండు చెవులూ మూసేసుకుంటే
ఆవిడ ఏడుస్తోందని నీకెలా తెలుస్తుందోయ్?"
ప్లాట్నర్‌ని అడిగాడోసారి, వార్డులో, అందరి ముందూ.
కుడి చెవి ఊపిరికి. ఎడమ చెవి మనిషికి.

ముప్పై ఎనిమిది, మార్చి.
కిటికీల కింద జెండాలు, బూట్లు,
వెయ్యి నోళ్ళకీ ఒకటే గొంతు.
లోపల పదకొండో మంచం మీద లాండ్రీలో పనిచేసే ఆమె.
"పీల్చండి. వదలండి. ఇంకోసారి."
పెద్దాయన గొంతు మామూలుగానే ఉంది.
మర్నాడు ఆయన రాలేదు.

కాగితం వచ్చింది. నా చేతికి స్క్రూడ్రైవర్ వచ్చింది.
తలుపు మీది ఇత్తడి పలక, నాలుగు స్క్రూలు.
మూడు సులువుగానే ఊడాయి.
నాలుగోది జారి గచ్చు మీద ఎటో దొర్లింది, వెతకలేదు.
ప్లాట్నర్ అటుగా వెళ్తూ నన్ను చూశాడు.
నేనూ చూశాను.
"తొమ్మిదింటికి క్లాసు, కొలొమాన్," అన్నాడు.
తొమ్మిదింటికి క్లాసు జరిగింది.

తర్వాత ఆయన ఎదిగాడు.
గని దుమ్ము మీద పుస్తకం, రెండు సంపుటాలు.
మంత్రులు దగ్గితే వియన్నా నుంచి కారు వచ్చేది.
కొండ మనుషులకి ఆదివారాలు ఉచితం,
వాళ్ళు తెచ్చే ఎండు బేరిపళ్ళు కూడా పుచ్చుకునేవాడు కాదు.
మంచివాడు కాదని నేననను.
రెండు చెవుల గొట్టం వాడేవాడు, అంతే.
నా జీతమూ పెరిగింది. అదీ చెప్పాలి కదా.

అరవై తొమ్మిది, జూన్, చివరి క్లాసు.
మెట్ల మీద కూడా పిల్లలే.
"ఈ గదిలో నాకంటే ముందు ఒకాయన ఉండేవాడు" అన్నాడు.
పేరు చెప్పబోయాడు. దగ్గు తెర వచ్చింది.
నీళ్ళిచ్చాను.
అయిపోయిందనుకుని వాళ్ళు చప్పట్లు కొట్టారు.

అందరూ వెళ్ళాక నా అలమర తెరిచాను.
తడిగుడ్డల అడుగున, పాత పేపర్లో చుట్టి.
బల్ల మీద పెట్టాను.
చాలాసేపు చొక్కా చేతితో దాన్ని రుద్దాడు.
"స్క్రూడ్రైవర్ ఉందా?"

తన పలక తనే తీశాడు. దాని కింద పాత బెజ్జాలు, లప్పం పూసి.
చేతులు వణుకుతున్నాయి, పట్టుకోబోతే వద్దన్నాడు.
మూడు బిగించాడు.
"నాలుగోదేది?"
"అప్పుడు వెతకలేదు, హెర్ ప్రొఫెసర్."
ఇద్దరు ముసలాళ్ళం మోకాళ్ళ మీద కూర్చుని
ముప్పై ఒక్క ఏళ్ళు రోజూ తుడిచిన గచ్చు మీద
వెతికాం. నిజంగానే వెతికాం.

దొరకలేదు.

ఇప్పుడు ఆ పలక ఒక మూల లేచి ఉంటుంది.
తలుపు తీసినప్పుడల్లా టక్కుమంటుంది.
చిరాగ్గా ఉంది, తీసెయ్యమని
కొత్త ప్రొఫెసర్ రెండుసార్లు చెప్పాడు.

పెడచెవిన పెట్టాను.